చెర్రీ ఎరుపు

ముందే ఒప్పేసుకుంటున్నా, ఈ గొడవలో నేను మొదట్నుంచీ విల్ఫ్ పక్షమే. మా వీధిలో సగంమంది కూడా అంతే. భార్య ఎంత కేకలేసినా నవ్వుతూ నట్లు బిగించుకునే మనిషిని చూస్తే జాలెయ్యదూ?

“రంగు కుదర్లేదు,” అన్నాడు విల్ఫ్, కారు ముక్కు ముందు మోకాళ్ల మీద కూర్చుని.

“ఎర్రగానే ఉందిగా!” అంది గ్లెండా.

“ఇది టమాటా ఎరుపు. అసలు కారుది చెర్రీ ఎరుపు.”

“మూడుసార్లు పూశావ్ విల్ఫ్. నాలుగోది పూస్తే ఆ రంగు బరువుకే బండి కదలదు.”

“అసలుదాన్ని చూసినవాడు దీన్ని చూసి నవ్వకూడదు కదా, బంగారం.”

“అసలుదాన్ని హాలిఫాక్స్‌లో ఎవడు చూశాడు? ఇక్కడందరూ చూసింది నీ కాళ్లే, ఆ చక్రాల కింద!”

ఇద్దరికీ అది రెండో పెళ్లి. నాలుగేళ్ల కిందట విల్ఫ్ ఒక సూట్‌కేసూ, ఆరు చెక్కపెట్టెలూ, తుక్కు కారులోంచి పీకిన ఇంజినూ, ఒక ఫైబర్ కారు డొల్లా వేసుకుని గ్లెండా ఇంటికి కాపురానికొచ్చాడు. ఆ పెట్టెల్లో ఉన్నది ఎప్పటిదో పేరుమోసిన రేసుకారుకి అచ్చం నకలు, ఇంట్లోనే బిగించుకోవడమే. ఖాళీ టైంలో చేసుకుంటే ఆరునెలల పని అని పెట్టె మీదే రాసుంది. ఆయన మొదలుపెట్టి అప్పటికే ఐదేళ్లయింది.

గ్లెండా అన్నీ ఓర్చుకుంది. గిన్నెలు కడిగే మెషిన్లో కార్బ్యురేటర్ కనబడితే నవ్వేసింది. ఓవెన్లో ఇంజిన్ మూతకి పెయింటు ఆరబెడితే, ఆ ఆదివారం వండిన మాంసమంతా టర్పెంటైన్ వాసనేసినా మాట్లాడకుండా తినేసింది. ఊళ్లోకి తన బుల్లికారులో తీసుకెళ్తుంటే పక్కసీట్లోంచి, “క్లచ్ అంతలా తొక్కకు, గేర్‌బాక్స్ ఏడుస్తోంది,” అని సణిగినా పడింది. ఎందుకంటే పెళ్లినాడు అందరి ముందూ మాటిచ్చాడాయన: “నీ అరవయ్యో పుట్టినరోజుకి ఈ కారులో నిన్ను స్కార్‌బరో సముద్రానికి తీసుకెళ్తా.”

ఆ పుట్టినరోజు ఇంకో నెల్లో, శనివారం నాడు ఉంది.

“ఇదిగో చెప్తున్నా,” అంది గ్లెండా, చేతిలో ఉన్న గుడ్డ విసిరికొట్టి. “ఆ శనివారం ఈ బండి రోడ్డెక్కలేదా, ఆదివారం అమ్మేస్తా. గ్యారేజీ నాది.”

విల్ఫ్ నవ్వు ఆగిపోయింది.

పక్కింటి నెవ్ అసలు సంగతి తనకి తెలుసన్నాడు. “వాడికి పరీక్షంటే భయం, గ్లెండా. ఇంట్లో కట్టిన కారుని సర్కారు ఇన్‌స్పెక్టర్ పాస్ చేస్తేగానీ రోడ్డెక్కనివ్వరు. ఎక్కడా పదునైన అంచు చేతికి తగలకూడదంటాడు, బోల్టు బోల్టూ తడిమి చూస్తాడు. తప్పితే తొమ్మిదేళ్ల పరువు పోతుంది కదా.”

“అయితే ఆ పరీక్షకి నేనే డేట్ తీసుకుంటా,” అంది గ్లెండా.

తీసుకుంది కూడా. సంగతి చెప్పగానే విల్ఫ్ మొహం పాలిపోయింది. ఆ వారమంతా ప్రతి బోల్టుకీ రబ్బరు టోపీ తొడిగాడు, ప్రతి అంచుకీ రబ్బరు పట్టీ అంటించాడు. పాసయ్యాక అవన్నీ పీకి పారేయడం ఇలా ఇంట్లో కార్లు కట్టేవాళ్లకి మామూలే.

“దార్లో రాయి తగిల్తే పెయింటు పోతుంది,” అని విల్ఫ్ అంటే, నెవ్ కారుని తన ట్రెయిలర్ మీద ఎక్కించి పరీక్షకి తీసుకెళ్లాడు.

ఇన్‌స్పెక్టర్ మూడు గంటలు గుచ్చిగుచ్చి చూశాడు. ఆవరణలో రెండు చుట్లు తిప్పి బ్రేకు కొట్టాడు. దిగొచ్చి విల్ఫ్‌తో చెయ్యి కలిపాడు. “నేను ఇంత శుభ్రమైన పని చూళ్లేదండీ. పాస్.”

“ఇంకోసారి చూడండి సార్,” అన్నాడు విల్ఫ్. “ఎక్కడో తప్పుండే ఉంటుంది.”

“లేదండీ.”

“స్టీరింగు కొంచెం ఎడమకి లాగట్లా?”

“బాణంలా పోతోంది.”

విల్ఫ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గ్లెండా ముచ్చటపడిపోయి కౌగిలించుకుంది.

పుట్టినరోజు నాటికి నంబరు ప్లేటు వచ్చేసింది. నెవ్ స్వయంగా బిగించి, కారుని ఇంటిముందు నిలబెట్టాడు. వీధంతా టీ కప్పులతో గుమ్మాల్లో నిలబడింది. గ్లెండా తలకి పట్టు స్కార్ఫు కట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఒళ్లో శాండ్‌విచ్‌ల డబ్బాతో మహారాణిలా కూర్చుంది.

విల్ఫ్ నాలుగు టైర్లూ తన్ని చూశాడు. మళ్లీ తన్ని చూశాడు.

“మబ్బు పట్టింది,” అన్నాడు.

“యార్క్‌షైర్‌లో మబ్బెప్పుడు లేదురా, ఎక్కు!” అని అరిచాడు నెవ్.

ఎక్కాడు. బెల్టు పెట్టుకున్నాడు. అద్దం సర్దాడు. రెండుచేతులతో స్టీరింగు పట్టుకుని ఎదురుగా గోడనే చూస్తూ ఉండిపోయాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. వీధిలో చప్పట్లు మొదలై, ఆగిపోయాయి.

గ్లెండా కళ్లద్దాలు తీసింది. స్టీరింగుని వదల్లేనట్టు పట్టుకునున్నాడాయన. ఆమెకి అప్పటిదాకా ఉన్న కోపమంతా కరిగిపోయింది పాపం.

“ఒరే పిచ్చోడా,” అంది మెల్లగా, చెయ్యి మీద చెయ్యేసి. “కారు కట్టడం అయిపోయింది, రేపట్నుంచి ఏం చెయ్యాలనేగా నీ బెంగ? ఇంకోటి తెచ్చుకో. పదేళ్లు పట్టినా నేనేం అనను. గ్యారేజీ ఇక నీదే. సరేనా? ఇవాళ్టికి మాత్రం నన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లు.”

విల్ఫ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“గ్లెండా, నాకు డ్రైవింగ్ రాదు.”