నాలుగు వందల పన్నెండు మంది

“మళ్ళీ మర్చిపోయారా అంకుల్! నిన్న ఎక్కించిన పదిహేను పేర్లలో ఒక్కటీ లేదు.”

“తెర మీద కండ్లారా చూసినా కదమ్మా!”

“చూస్తే సరిపోదు. పైథాన్ ప్రోగ్రాంతో డేటాబేస్‌లో ఏ మార్పు చేసినా చివర కమిట్ అని రాయాలి. రాయకుండా మూసేస్తే ఆ మార్పు నిలవదు. వారం నుంచీ చెప్తున్నా.”

శామ్యూల్ తల వంచుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఆంబులెన్స్ నడిపిన మనిషి. రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు దారిపొడుగునా పోగేసి ఒక పుస్తకంలో దాచాడు. నాలుగు వందల పన్నెండు మంది. ఈ పాఠాలు చెప్పే సాఫ్ట్‌వేర్ అమ్మాయి శ్రీజ వాటిని కంప్యూటర్లోకి ఎక్కించిన నెలకే ఆ పుస్తకాన్ని చెదలు అట్టతో సహా భోంచేశాయి. ఇప్పుడు వాళ్ళున్నది బెంగళూరు వర్తూరు చర్చి గదిలోని ఈ లాప్‌టాప్‌లోనే.

ఆవేళ పాఠం చెరపడం. ఉత్తుత్తి పేర్ల జాబితా ఒకటి చూపించి, ఆఫీసు ఫోన్ మోగితే శ్రీజ వరండాలోకి వెళ్ళింది. శామ్యూల్ చెరిపాడు. ఎంతమంది మిగిలారని అడిగాడు. సున్నా అంది తెర. మురిసిపోయి ప్రోగ్రాం మూసేశాడు.

మూశాక, తాను రాసిన వరుస మళ్ళీ చదువుకున్నాడు. అందులో ఉన్నది ఉత్తుత్తి జాబితా పేరు కాదు.

“శామ్యూలప్పా!” వీధి చివరి మునినారాయణప్ప రొప్పుతూ వచ్చిపడ్డాడు. “నా కూతురు కాన్పులో ఉండాది. ఓ నెగటివ్ రక్తం కావల్లంట. గంటే టైము. మీ కాడ పేర్లుండాయి కదా?”

శామ్యూల్ నోట, మురికితో నురగలు కక్కే వర్తూరు చెరువంత నురగ వచ్చింది. మునినారాయణప్ప కేకకి శ్రీజ పరుగెత్తుకొచ్చింది.

“ఏమైంది అంకుల్?”

“చెరిపేస్తినమ్మా. అందర్నీ.”

“అందర్నీ అంటే?”

“నాలుగొందల పన్నెండు మందినీ. సున్నా అని కూడా చూపించె.”

మునినారాయణప్ప గోడవారగా కూలబడ్డాడు. “ఒక్క నంబరన్నా గుర్తులేదా అప్పా?”

“మొగాలు గుర్తుండాయి. నంబర్లు లేవు.” శామ్యూల్ నెత్తి బాదుకున్నాడు. “ముప్పై ఏండ్లు సిగ్నళ్ళన్నీ దాటుకుంటా తోలినా, ఒక్కర్నీ గుద్దలేదు. ఈపొద్దు ఒక్క వేలితో ఇంతమందిని తొక్కేస్తి!”

శ్రీజ లాప్‌టాప్ వైపు చూసింది.

“అంకుల్, ఒక్కటి చెప్పండి. చెరిపాక చివర కమిట్ రాశారా?”

శామ్యూల్ మరింత కుంచించుకుపోయాడు.

“అదీ మర్చిపోతినమ్మా.”