మా అత్త అనేది

"అందం గురించి మీ అత్తగారు ఏమనేవారమ్మా?" కలం పట్టుకుని అడిగాడు లెక్చరర్ త్రినాథరావు.

నర్సింహమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ, "మొహం ఎందుకు, చెయ్యి సూడుమనేది సారూ. నాటేసి వచ్చిన చెయ్యి కంటె సక్కనిది లేదనేది" అంది.

"మరి మూర్ఖత్వం గురించి?"

"కోపమొచ్చి తలుపేసుకున్నోడే మల్ల లేచి గొళ్లెం తియ్యాలెననేది."

"బతుకు గురించి?"

"కడవ అంచు దాక నింపకు, రెండు వేళ్ల జాగ ఇడిసిపెడితెనే ఒలకకుంట ఇల్లు చేరుతవనేది."

త్రినాథరావుకు ఒళ్లు పులకరించింది. ఆరేళ్లుగా సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో పాతవాళ్ల మాటలు సేకరిస్తున్నాడు. అన్నీ ఎక్కడో విన్నట్టే ఉండేవి. 1973 ఎండల్లో భానూరు వస్తే ఈ ఒక్క ఇంట్లోనే నలభై దొరికాయి, ఒక్కటీ ఎక్కడా విననిది. వాటిని చెప్పిన సౌభాగ్యమ్మ పోయి ఏడాదైందట. ఎంత గొప్ప మనిషో అనుకున్నాడు.

"పుస్తకంల ఆమె పేరు ఏస్తరా సారూ?" అడిగింది నర్సింహమ్మ. "ఫోటో ఒక్కటి గూడ లేదు. బొందపెట్టిన జాగ మొన్న కార్ఖానా గోడ కిందికి పోయింది. ఇగ ఆమె ఉండెనని చెప్పేటందుకు ఏం మిగల్లే."

"వేస్తానమ్మా. కానీ ఆమె నోట స్వయంగా విన్న మరో మనిషి సంతకం కావాలి. లేకపోతే ఎవరన్నారో తెలియదని అచ్చువేస్తారు."

నర్సింహమ్మ చేతులు ఆగిపోయాయి. చేట పక్కన పెట్టి లేచి వెళ్లి, పక్కింటి ముసలాయన మల్లన్నను పిలుచుకొచ్చింది. త్రినాథరావు నలభై మాటలూ చదివి వినిపించాడు.

"ఇవి సౌభాగ్యమ్మగారి నోట మీరు విన్నారా?"

మల్లన్న నర్సింహమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలవంచుకుంది.

"విన్న సారూ, ఎన్నిసార్లో" అని, ఒక్కో అక్షరం వత్తి రాస్తూ సంతకం పెట్టాడు.

మొదటి పేజీలోనే ఆ పేరు వేస్తానని మాటిచ్చి త్రినాథరావు పటాన్‌చెరు బస్సు ఎక్కాడు.

"నీ అసొంటి కోడలు ఏ అత్తకు దొరకదు బిడ్డా" అన్నాడు మల్లన్న. "నిజం చెప్పు, అండ్ల నీయి గూడ కలిపినవా?"

"ఒక్కటి గూడ కలపలే మామా. ముప్పై ఏండ్లు ఆమె నాకు చెప్పినయే చెప్పిన."

సౌభాగ్యమ్మ పుట్టుమూగ; ఏం చెప్పినా చేతి సైగలతోనే.