సోఫాకి అటువైపు

"ఆ దెయ్యాల హోటల్ ఆట ఎలా ఉంది?" అని తెర మీద అక్షరాలు పడ్డాయి.

లిఫ్టు మెకానిక్ తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అక్షరం అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తాడతను. దెయ్యం సంగతి అలా ఉంచి, ఆ హోటల్లో తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు పైకి పోతోందనీ, అలాంటి లిఫ్టున్న చోట మనుషుల్ని చంపడానికి మళ్ళీ దెయ్యం దేనికనీ రాశాడు. అవతలినుంచి నవ్వుతున్న బొమ్మ వచ్చింది. దాన్ని చూసి గదిలో ఒక్కడే నవ్వుకున్నాడు.

భార్యతో విడిపోయి ఈ ఒంటిగదిలోకి వచ్చిన కొత్తలో ఈ ఏర్పాటు చేసిపెట్టింది తల్లి దగ్గరుండిపోయిన కూతురే. "ఫోన్లో నీకు మాటలు రావు నాన్నా. ఆడుకుంటూ మాట్లాడుకుందాం" అని కంప్యూటర్లో ఆటలెక్కించి, అతనికి 'లిఫ్టు' అనీ తనకి 'పిచ్చుక' అనీ పేర్లు పెట్టి వెళ్ళింది. ఆ పిల్ల అన్నది నిజమే. ఫోన్ చేస్తే బాగున్నావా, బాగున్నాను, ఉంటాను... అంతటితో సరి. పనిలోనూ అదే తంతు. అతను లిఫ్టు గుంతలో దిగి కూర్చుంటే, పైనుంచి తొంగిచూసి ఇంకెంతసేపని అడిగేవాళ్ళే గాని, నీ పేరేమిటని అడిగినవాళ్ళు లేరు.

కూతురు పైచదువుకి వేరే ఊరెళ్ళి హాస్టల్లో చేరినప్పుడు ఈ ఆటల ముచ్చట కూడా తీరిపోయిందనుకున్నాడు. కొన్నాళ్ళు పిచ్చుక జాడే లేదు. సాయంత్రాలు గోడలు చూస్తూ గడిపాడు. తర్వాత ఒకరోజు అన్నం తింటూ అలవాటుగా కంప్యూటర్ తెరిస్తే, పిచ్చుక వచ్చి వాలి ఉంది. అన్నం చెయ్యి కడుక్కోకుండానే ఎడంచేత్తో పలకరించాడు.

అప్పటినుంచి కొత్త ఆట ఏది ఆడినా దాని భోగట్టా అంతా పిచ్చుకకి చెప్పాల్సిందే. తుపాకుల ఆటలో తుపాకి ఏ బటన్‌తో పేలుతుందో తెలిసేలోపే తను చచ్చిపోయాననీ, పైగా గంటసేపు కళ్ళు తిరిగాయనీ చెప్పాడు. పడవ మీద దీవిదీవికీ ఉత్తరాలు పంచే ఆట మాత్రం బాగుందన్నాడు. సముద్రం ఎంత నీలంగా ఉందో, వాన పడితే పడవ మీద చప్పుడెలా ఉందో రాశాడు. కాకపోతే ఆ దీవుల్లో ఎవరూ రెండు ముక్కలకి మించి మాట్లాడరనీ, ఉత్తరం పుచ్చుకుని తలుపేసుకుంటారనీ, కాసేపయ్యాక పనిలో ఉన్నట్టే అనిపించిందనీ అన్నాడు. పిచ్చుక అన్నీ వింటుంది. మధ్యలో అన్నం తిన్నావా అని అడుగుతుంది. ఒకసారి "మీరు తిన్నారా" అని వచ్చింది. కాలేజీకి వెళ్ళగానే ఎక్కడలేని మర్యాదా వచ్చిందే అని ఆటపట్టించాడతను. చాలాసేపటికి గాని జవాబు రాలేదు.

ఇద్దరికీ బాగా నచ్చింది ఇల్లు ఖాళీ చేసే ఆట. సోఫాలూ బీరువాలూ చెరోపక్కా పట్టుకుని మెట్లు దింపి లారీకెక్కించాలి. ఒకరు తొందరపడితే వస్తువు గోడకి తగిలి పగిలిపోతుంది. ఇంతకుముందైతే పిచ్చుక తన కొస వదిలేసి పరుగో పరుగు. ఇప్పుడలా కాదు. వెనక్కి నడుస్తూ మెట్లు దిగే కష్టమైన వైపు తానే పట్టుకుంటుంది, అతను అందుకునేదాకా ఆగుతుంది. పిల్ల పెద్దదైందనుకుని మురిసిపోయాడు.

ఒక సాయంత్రం సోఫా సగం మెట్ల మీద ఉండగా తెర మీద అక్షరాలు వచ్చాయి.

"అమ్మతో ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడలేదేం?"

అతను ఏదో ఒకటి రాసి దాటేద్దామనుకున్నాడు. రాసిందల్లా చెరిపేశాడు. చివరికి మనసులో ఉన్నదే రాశాడు.

"మాట్లాడాలనే ఉండేది. ఎలా మొదలుపెట్టాలో తెలిసేది కాదు. మీ అమ్మ కూడా నాలాగే."

పిచ్చుక కదల్లేదు. సోఫా కొస పట్టుకుని మెట్ల మీద అలాగే నిలబడిపోయింది. పిల్ల మనసు కష్టపెట్టానేమోనని అతను కంగారుపడ్డాడు. ఎంతో సేపటికి, జాగ్రత్తగా దింపుదాం అని మాత్రం వచ్చింది.

అమ్మ గురించి పిల్ల అడిగిన మాట అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. సెలవు రోజు రాగానే బస్సెక్కి హాస్టల్‌కి వెళ్ళాడు. చూడవచ్చినవాళ్ళు కూర్చునే గదిలో కూతురు ఎదురుగా కూర్చుంది. కాస్త చిక్కింది. బాగున్నావా, బాగున్నాను అయ్యాక ఇద్దరూ ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. చివరికి అతనే గొంతు సవరించుకున్నాడు.

"మొన్న నువ్వడిగినదానికి నేనన్న మాటకి బాధపడ్డావేమోనని వచ్చానమ్మా."

"నేనేమడిగాను?"

"అదే, సోఫా దింపుతున్నప్పుడు. అమ్మ గురించి."

కూతురు అయోమయంగా చూసింది. ఇక్కడ చేరినప్పటినుంచీ ఆటల జోలికే పోలేదనీ, ఊపిరాడనంత చదువనీ చెప్పింది. "ఇక కుదరదని నీకు చెప్పమని ఇంట్లో చెప్పి వచ్చానే. చెప్పలేదా?"

"మరి పిచ్చుక రోజూ వస్తోందిగా" అన్నాడతను.

కూతురు తండ్రి ముఖంలోకి చూసి, మెల్లగా అతని చెయ్యి పట్టుకుంది.

"నా కంప్యూటర్ అమ్మ గదిలో ఉంది నాన్నా."