సున్నా అయ్యేదాకా

“ఇంకా ఇద్దరు ఓడలోనే ఉన్నారు. వాళ్ళు దిగితేగానీ ఎవర్నీ ఎక్కనివ్వం,” అని చెప్పి ఓడ ఆఫీసరమ్మ మైకు పక్కన పెట్టేసింది.

రూల్సుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. అది ఆయన తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, తోటి ప్రయాణికులు వారం తిరక్కుండానే పెట్టిన పేరు. భోజనాల వరసలో ఎవరి వెనక ఎవరు నిలబడాలి, ఈతకొలను పక్కన కుర్చీమీద తువ్వాలు వేసి ఎంతసేపు మాయమైపోవచ్చు, ఇలాంటివన్నీ ఎవరూ అడక్కపోయినా ఆయనే తేల్చేవారు.

ఒక యాత్ర ముగించుకుని ఓడ ఆ పొద్దున్నే రేవుకి చేరింది. సాయంత్రం మళ్ళీ ఇంకో యాత్రకి బయల్దేరాలి. ఇళ్ళకి పోయేవాళ్ళు రాత్రే గుమ్మం బయట పెట్టిన పెట్టెల్ని ఓడవాళ్ళు కిందికి దింపితే, వాటిని బెల్టు మీంచి తీసుకుని పోయారు. రెండో యాత్రకీ ఉండిపోయేవాళ్ళు ఒకసారి కిందికి దిగి, రేవు హాల్లో కూర్చోవాలి. ఓడలో ప్రయాణికుల లెక్క సున్నా అయ్యాక మళ్ళీ వాళ్ళనే ముందు ఎక్కిస్తారు. కిటికీలోంచి చూస్తే మాసిన దుప్పట్ల బండ్లు దిగుతున్నాయి, కూరగాయల బండ్లు ఎక్కుతున్నాయి. అద్దాల తలుపు అవతల కొత్త ప్రయాణికులు కొత్త టోపీలతో కిక్కిరిసి ఉన్నారు.

“ఎవరండీ ఆ మహానుభావులు?” రూల్సుగారు లేచి నిలబడ్డారు.

“పేర్లు నాకింకా చెప్పలేదు సార్. ఓడంతా మైకులో పిలుస్తున్నాం, గది గదీ వెతుకుతున్నాం. మనుషులు కనబడట్లేదు. కంప్యూటరేమో ఇద్దరున్నారంటోంది.”

“ఏ బాల్కనీలోనో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కాఫీ తాగుతుంటారు. ఇంతమంది పడిగాపులు పడుతున్నారన్న జ్ఞానం ఉండొద్దూ?”

పక్క కుర్చీలో ఆయన భార్య స్వెట్టరు కప్పుకుని అల్లం బిళ్ళ చప్పరిస్తోంది. ఓడ ఊపుకి వారం రోజులుగా తిన్నదేదీ ఆవిడ కడుపులో నిలవలేదు. నేలమీద కాలు పెట్టాకే ముఖంలో కాస్త రంగొచ్చింది.

“ఏవండీ, ఎలాగూ దిగాం కదా,” అంది మెల్లగా. “ఇటునుంచి ఇటే ఇంటికెళ్ళిపోదామండీ. ఇంకో వారం నావల్ల కాదు.”

“మళ్ళీ మొదలెట్టావా? సగంలో వదిలెయ్యడం మా ఇంటావంటా లేదు.”

“పోనీ మీరెళ్ళిరండి. నేను...”

“నిన్నొక్కదాన్నే పంపిస్తే నలుగురూ ఏమనుకుంటారు? నువ్వు ఊరుకో ముందు.”

ఆవిడ ఊరుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే కాబట్టి బాగా అలవాటు.

రూల్సుగారు ఆఫీసరమ్మ బల్ల దగ్గరికెళ్ళారు. “ఇలా ఆలస్యం చేసినవాళ్ళని మీరేం చేస్తారు?”

“మామూలుగా ఏమీ అనం సార్. మళ్ళీ ఎక్కనివ్వకుండా ఆపే అధికారం మాత్రం కెప్టెన్‌గారికి ఉంది.”

“మరింకేం! దొరికినవాళ్ళని దొరికినట్టు ఇక్కడే దింపెయ్యండి. వయసు చూడొద్దు, మొహమాటపడొద్దు. ఏమంటారండీ?” అని హాలు వైపు తిరిగారు.

హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో కూర్చున్న ఒక పళ్ళ డాక్టరు ఈల కూడా వేశాడు.

“పోనిద్దురూ, పాపం ఎవరో ఏమో!” అంది భార్య.

“నీలాంటి జాలిగుండెలవల్లే లోకం ఇలా తగలడింది. అమ్మా, కెప్టెన్‌గారికి ఇది నా మాటగా చెప్పండి.”

ఆఫీసరమ్మ ఫోన్ తీసుకుని ఆ మాటే చెప్పింది. తర్వాత అరచేతిలో పట్టేంత మిషనొకటి పట్టుకుని వచ్చింది. “ఓడలో ఎవరూ లేరట. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గేటు దగ్గర పెట్టే మీ అందరి కార్డులూ ఒకసారి చూస్తాను.”

వరసగా పచ్చ లైటు వెలుగుతోంది. రూల్సుగారు దర్జాగా జేబులోంచి రెండు కార్డులు తీశారు. భార్య ఎక్కడన్నా పారేస్తుందని ఆవిడ కార్డు కూడా ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుంది. మొదటి కార్డుకి ఎర్ర లైటు వెలిగింది. రెండోదానికీ అంతే.

“మీ మిషన్ పాడయినట్టుంది.”

“మిషన్ బాగానే ఉంది సార్. దిగేటప్పుడు గేటు దగ్గర రెండుసార్లూ మీ కార్డే పెట్టారు. మొదటిసారికి మీరు దిగినట్టు పడింది, రెండోసారికి మళ్ళీ ఎక్కినట్టు పడింది. మేడమ్‌గారి కార్డు అసలు పెట్టనే లేదు. ఆ ఇద్దరూ మీరే.”

హాల్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆ తర్వాత పళ్ళ డాక్టరు మళ్ళీ ఈల వేశాడు.

“అంటే... పొరపాటు వేరు, తప్పు వేరు కదమ్మా,” అంటూ రూల్సుగారు నీళ్ళు నమిలారు. అంత పెద్దమనిషి అలా బిక్కచచ్చిపోవడం చూస్తే ఆఫీసరమ్మకే జాలేసింది. పక్కకెళ్ళి ఫోన్‌లో మాట్లాడి, నవ్వుతూ వచ్చింది.

“కెప్టెన్‌గారు ఈసారికి వదిలెయ్యమన్నారు. ఇద్దరూ రండి, మిమ్మల్నే ముందు ఎక్కిస్తాం.”

“హమ్మయ్య!” రూల్సుగారు చెమట తుడుచుకున్నారు. “ఏమోయ్, పద పద.”

ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు.

“అదేం కుదరదమ్మా,” అంది ఆఫీసరమ్మతో. “మావారు ఇంతమందిలో అన్న మాట నా మూలంగా నీళ్ళపాలు కాకూడదు. ఆయన్ని కెప్టెన్‌గారు క్షమించారు, సంతోషం. నన్ను మాత్రం దింపెయ్యండి.”

“నీకేమైనా మతిపోయిందా? నీ పెట్టె పైన గదిలో మంచం కింద ఉంది. కట్టుబట్టలతో ఎలా పోతావు?”

ఆవిడ లేచి స్వెట్టరు గుండీలు పెట్టుకుంది.

“రాత్రి మీరు నిద్రపోయాక, ఇళ్ళకెళ్ళేవాళ్ళందరితోపాటు నేనూ నా పెట్టె గుమ్మం బయట పెట్టేశానండీ. ఈపాటికి కింద బెల్టు మీద అదొక్కటే తిరుగుతుంటుంది.”