మొదటి బోర్డు

చెస్ జట్టు జాబితా గోడకు అంటించగానే కెప్టెన్ మొహం మాడిపోయింది.

జట్టులో మేటి ప్లేయరుకి దక్కేది, మూడేళ్లుగా తను కూర్చునేది అయిన మొదటి బోర్డుకి ఎదురుగా, నెల కిందట చేరిన కొత్తమ్మాయి పేరుంది. తన పేరు రెండో బోర్డుకు దిగింది.

"సార్, నేనేం తప్పు చేశాను?"

"ఏం లేదమ్మా. ఫైనల్ కదా, ఆలోచించే వేశాను," అన్నాడు కోచ్.

అసలు కొత్తమ్మాయి చేరిన రోజు నుంచే కెప్టెన్‌కి కడుపుమంట.

నల్లపావులు చేతికొస్తే ఆ పిల్ల ఎప్పుడూ ఒకటే ఆడేది, సిసిలియన్ డ్రాగన్. కాచుకుంటున్నట్టే ఉండి మీదికి దూకే డిఫెన్స్ అది. ఎత్తులు చకచకా పడేవి. చిన్నపిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు.

"అక్కా, నాతో ఒక్క ఆట ఆడవా?" అని రోజూ అడిగేది.

"నాకు ఖాళీ లేదు."

కెప్టెన్ ఒక్కసారీ ఆడలేదు. ఓడిపోతానేమోనని భయం.

ఫైనల్లో మొదటి బోర్డు మీద అవతలి జట్టు ఛాంపియన్. ఆ ఏడాది ఒక్క ఆట కూడా ఓడనివాడు.

కొత్తమ్మాయికి నల్లపావులే వచ్చాయి; పదిహేను ఎత్తులు తడుముకోకుండా ఆడింది. పదహారో ఎత్తుకి గుర్రం కోసం ఏకంగా ఏనుగునే ఇచ్చేసింది. ఛాంపియన్ తల పట్టుకున్నాడు. జనం ఆ బల్ల చుట్టూ మూగారు.

పక్క బల్ల దగ్గర కెప్టెన్ తన ఆట నెగ్గింది. ఎవరూ తల తిప్పి చూడలేదు.

'ఓడిపో, ఓడిపో' అనుకుంది లోలోపల.

మూడు గంటలు పోరాడి కొత్తమ్మాయి ఓడిపోయింది. జట్టు మాత్రం రెండున్నర - ఒకటిన్నర పాయింట్లతో గట్టెక్కింది.

"అక్కా, గెలిచాం!" అంటూ పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపింది.

"గెలిచింది మేము," అని కెప్టెన్ కప్పు అందుకోవడానికి వెళ్లిపోయింది.

సోమవారం ప్రాక్టీసుకి కొత్తమ్మాయి రాలేదు. నాన్నకి బదిలీ అయి, ఇంటిల్లిపాదీ ఊరు వదిలి వెళ్లిపోయారట.

"అంత గొప్ప ప్లేయరని నన్ను దింపి మరీ కూర్చోబెట్టారు. ఏం లాభం సార్?"

పావులు సర్దుతున్న కోచ్ ఆగాడు.

"గొప్ప ప్లేయరా? మీ నలుగురిలో ఆట తక్కువొచ్చింది తనకే. ఆ డిఫెన్స్ ఒక్కటే బట్టీ పట్టింది."

"మరి మొదటి బోర్డు తనకెందుకిచ్చారు?"

"'ఆ ఛాంపియన్ చేతిలో ఎవరో ఒకరు ఓడాలిగా సార్, ఆ ఓడేదేదో నేను ఓడతాను, రెండో బోర్డు మీద అక్క గెలుస్తుంది' అని తనే వచ్చి అడిగింది... తెలిస్తే నువ్వు ఒప్పుకోవని, నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది."