గంటమ్మ దులిపిన గడ్డి

గుర్రాల సాలలో కేసరి అనే గుర్రానికి తోడుగా గంటమ్మ అనే మేక ఉండేది; వాణ్ణి కన్నబిడ్డలా చూసుకునేది. ఒక చలికాలం కేసరికి దగ్గు పట్టుకుంది. చలిగాలి వల్లే అనుకుని గంటమ్మ కిటికీ నిండా గడ్డి కుక్కేసింది. మేతలో దుమ్ముంటే బిడ్డకు పడదని, ఎండుగడ్డిని నోట కరిచి, కేసరి ముందే నిలబడి, బాగా దులిపి మరీ తొట్టిలో వేసేది. దగ్గు ఎక్కువైంది. గంటమ్మ ఇంకా గట్టిగా దులిపింది. ఆవిడ పట్టుదల అలాంటిది.

ఒక పొద్దున ఓ ఉడుత గూడు కట్టుకోవడానికి కిటికీలోని గడ్డిని లాక్కుపోయింది. ఆ సందులోంచి ఎండ నేరుగా కేసరి ముఖం మీద పడింది. అప్పుడే గంటమ్మ గడ్డి దులిపింది.

ఎండలో దుమ్ము పొగలా లేచి కేసరి ముక్కుల్లోకి పోయింది. గంటమ్మ నోట్లోని గడ్డి జారిపోయింది.

"ఇంత దుమ్ము ఎక్కడిది?"

"రోజూ ఉండేదే. ఇవాళ నీకు కనబడింది" అంది కిటికీలోంచి ఉడుత. "తడిపి పెడితే లేవదుగా."

గంటమ్మ కేసరి వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా నాయనా?" అని అడిగింది.

"తెలుసు పిన్నీ. నువ్వు దులుపుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టేవాణ్ణి. అంత ప్రేమగా పెడుతుంటే వద్దనడానికి నోరు రాలేదు."

గంటమ్మ గడ్డిని నీళ్లలో ముంచి తెచ్చింది. కేసరి దాంట్లో ముఖం పెట్టి గుండెల నిండా గాలి పీల్చాడు. ఆ చప్పుడు గంటమ్మ అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఇన్నాళ్లూ తన పక్కనే వాడు ఎంత కొంచెం ఊపిరితో బతికాడో అప్పుడు తెలిసింది.