తిరగేసిన హ్యాండిల్

పొద్దున అమ్మ చెప్పులకు తడి మట్టి కనిపించింది. నా పేరే మరిచిపోయిన మనిషి, రాత్రి మళ్ళీ ఒంటరిగా బయటికి వెళ్ళింది. పోయినసారి రైలు పట్టాల మీద దొరికింది. తాళం వేస్తే తలుపుకేసి తల బాదుకుంటుంది.

అందుకే వీధి తలుపుకు కొత్త హ్యాండిల్ కొని, వడ్రంగిని తలకిందులుగా బిగించమన్నాను. పైకి లేపితేనే తెరుచుకుంటుంది. అమ్మకు అది తట్టదని నా ఆశ.

"ఇదేం పనమ్మా? నలుగురూ నవ్విపోతారు," అన్నాడు వడ్రంగి.

"నవ్వనీ బాబాయ్. నాకు ఇంకో దారి లేదు."

అమ్మ వచ్చి హ్యాండిల్ కిందికి నొక్కింది. తలుపు తెరుచుకోలేదు. నా ప్రాణం కుదుటపడింది.

ఆమె దాన్ని వేళ్ళతో తడిమి, "ఎవడ్రా దీన్ని తిరగేసి పెట్టింది?" అంటూ చెయ్యి చాపింది. వడ్రంగి వెంటనే స్క్రూడ్రైవర్ అందించాడు. అమ్మ మరలు విప్పి, సరిగ్గా బిగించి, తలుపు తెరిచి మెట్లు దిగింది.

అతనికి ఈ పని నేర్పింది అమ్మే.